గంజి పెట్టిన తీగ

మా నాన్న నిజం చెప్పి పని పోగొట్టుకున్న మనిషని మంగళగిరిలో మా వీధివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు మండుతుంది.

అవి యుద్ధం రోజులు. నూలు మీద కంట్రోలు వచ్చి దొరకడం మానేసింది. మా వీధిలో మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. మా మగ్గం గుంటలో పిల్లి పిల్లల్ని పెడితే తరిమేవాళ్లు కూడా లేకపోయారు. మా ఆయన మీసం మెలేసి మిలిటరీలో చేరాడు. యుద్ధం చేయడానికి కాదు, పటాలానికి ఉల్లిపాయలు తరగడానికి. ఆయన అలా వెళ్లగానే మా అత్తగారు ఇంట్లో ఒక నోరు తగ్గితే మేలనుకుని నన్ను పుట్టింటికి సాగనంపింది. అమ్మ అప్పటికే పోయింది. ఇంట్లో నాన్నా నేనూ, ఆడని మగ్గమూ మిగిలాం.

అలాంటప్పుడు బెజవాడ నుంచి ఒకాయన మా వీధికి వచ్చాడు. బందరు కాలువ గట్టు దగ్గర ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. కాలిపోయిన మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ అందులో మళ్లీ తీగ చుట్టేవాళ్లు. ఖాకీ నిక్కరు, చెవి మీద పెన్సిలు, నోట్లో ప్రతి మాటకూ ముందు "మెద్రాసులో మేమైతే." మెద్రాసులో ఆయన ఏం చేశాడో ఎవరికీ తెలియదు. ఏదో కార్ఖానాలో గచ్చు కడిగి ఉంటాడని నా అనుమానం.

ఆయనకు వచ్చిన చిక్కేమిటంటే, మోటార్లలో చుట్టే రాగితీగ ఉత్త రాగి కాదు. దాని మీద నూలు చుట్టి ఉండాలి. నూలు లేకపోతే పక్కపక్కన ఉన్న తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు అడ్డదారిన పోతుంది, మోటారు కాలిపోతుంది. అంతకుముందు ఆ నూలు తీగ ఓడల్లో వచ్చేదట. యుద్ధం వచ్చి ఓడలు ఆగాయి. దాంతో ఈ మహానుభావుడికి బుర్ర వెలిగింది. పాత మోటార్లలోంచి లాగిన తీగను కాల్చి, తోమి, మళ్లీ నూలు చుట్టిస్తే సరి. నూలు చుట్టడమంటే నేతవాళ్లుండనే ఉన్నారు.

మా వీధిలో అందరూ ఛీకొట్టారు. "చీర నేసిన చేత్తో ఇనప మొద్దుకు నూలు చుట్టాలా?" అన్నారు. అన్నవాళ్లందరూ ఆ పూట పస్తే. నాన్న ఒక్కడే ఒప్పుకున్నాడు, అదీ ఆయనకేదో ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి. మేము గుంటూరు నుంచి వచ్చే పాసింజరు ఎక్కి కృష్ణ దాటి బెజవాడ చేరి, షెడ్డు వెనక ఒక తాటాకు గుడిసెలో దిగాం. ఆ పని నిలబడితే రెండు పూటలా కాకపోయినా ఒక పూటైనా అన్నం. పోతే మళ్లీ ఆ మగ్గం గుంట, ఆ పిల్లులు. అంతకు మించి మాకు లెక్కలేవీ లేవు.

పని ఎలా ఉండేదో చెబుతాను. కాలిన మోటారు రాగానే యజమాని దాని డొక్క విప్పేవాడు. లోపల ఇనుప గుండ్రం చుట్టూ సన్నని కాలువల్లాంటి గాళ్లు, ఆ గాళ్లలో తీగ చుట్టలు. పాత చుట్టలో తీగ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటేనే కొత్తది కుదురుతుంది. ఆ లెక్కే ఆయన విద్య అంతా. అందుకని తల మీద తువ్వాలు కప్పుకుని, మోటారును కూడా అందులోకి లాక్కుని, బాలింతరాలు బిడ్డకు పాలిచ్చినంత గుట్టుగా లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా దగ్గితే లెక్క తప్పి మళ్లీ మొదలు. షెడ్డులో పనిచేసేవాళ్లు ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా దగ్గేవాళ్లు.

పీకిన తీగను కట్టెల మంటలో కాలిస్తే పాత నూలూ లక్కా మాడిపోయి రాగి మెత్తబడుతుంది. దాన్ని బూడిదతో తోమి, రెండు మేకుల మధ్య లాగి వంకరలు తీసి మాకిచ్చేవాళ్లు. నూలు యజమానే పర్మిట్టు మీద ఎక్కడి నుంచో తెచ్చేవాడు. నాన్న మా రాట్నానికే రెండు చెక్కలు బిగించి ఒక యంత్రం కట్టాడు. నేను చక్రం తిప్పుతుంటే నూలు కండె తీగ చుట్టూ గిర్రున తిరిగేది, నాన్న తీగను ముందుకు లాగేవాడు. ఒక వరస కుడి నుంచి, దాని మీద ఇంకో వరస ఎడమ నుంచి. మధ్యలో రాగి ఎక్కడా కనిపించకూడదు. అలా అయిన తీగను చెక్క అచ్చు మీద చుట్టలుగా చుట్టి, నాడాతో కట్టి, గాళ్లలో మందపాటి కాగితం పరిచి, వెదురు బద్దతో నెట్టి కూర్చేవాళ్లు. ఆఖరున మొత్తాన్ని లక్క వార్నీషులో ముంచి బొగ్గుల పొయ్యి దగ్గర ఆరబెట్టేవాళ్లు. ఆ లక్క నూలులోకి ఇంకి గట్టిపడాలి. అప్పుడే దానికి తడి తగలదు.

ఇందుకే యజమాని మొదటి రోజే చెప్పాడు. "చూడు పెద్దాయనా, ఉత్త నూలే చుట్టాలి. గంజీ గింజీ ఏమీ పెట్టొద్దు. మెద్రాసులో మేమైతే అసలు తడి చెయ్యి కూడా తగలనిచ్చేవాళ్లం కాదు."

ఆయన జీవితంలో చెప్పిన తెలివైన మాట అదొక్కటే అయి ఉంటుంది. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు. ఆయనకూ తెలియదని నా నమ్మకం.

నాన్న తలూపాడు. గుడిసెలోకి వచ్చి నా వైపు తిరిగి, "గంజి పెట్టొద్దంట! విన్నావటే? గంజి పెట్టని నూలూ తల దువ్వని ఆడదీ ఒకటే. వీడేందే నాకు చెప్పేది?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ నాన్న గంజి లేని నూలును ముట్టి ఎరగడు. పడుగుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి, పోగు లేవకుండా చేయడమే నేతగాడి మర్యాద. పోగు లేచిన చీర నేసినవాడికి మా వీధిలో పిల్లనిచ్చేవాళ్లు కాదు. మర్యాద మంచిదే. కానీ ఈ నూలు ఎవరు కట్టుకుంటారు? ఇనుప డొక్కలోకి పోతుంది, పైన మూత బిగిస్తారు. మళ్లీ ఎవరూ చూడరు.

"చూసేవాళ్లు లేని దానికి సింగారమెందుకు నాన్నా?" అన్నాను.

"చుట్టిన నాకు కళ్లు లేవటే?" అన్నాడు.

ఇక గంజి సంగతి. రేషను బియ్యం, అందులో సగం మట్టిగడ్డలు. అన్నం ఒక పూటే వండేదాన్ని. వార్చిన గంజిలో ఉప్పేసుకుని పొద్దున్నే తాగడం నా వంతు. నాన్న ఆ గంజి ముంతను నా చేతిలోంచి తీసుకుని నూలు తడిపేవాడు. గుడిసెలో వెదురుకు ఆరేసేవాడు. తీగకు చుట్టడం అయ్యాక పైపైన మళ్లీ వేళ్లతో రాసేవాడు. నేను తాగాల్సిన గంజి రాగితీగ తాగింది. కడుపు కాలుతుంటే చక్రం తిప్పేదాన్ని, తిప్పుతూ నాన్నను తిట్టుకునేదాన్ని. గట్టిగానే తిట్టేదాన్ని. ఆయనకు వినిపించేది కాదు. పోగు చూసుకుంటూ ఉంటే ఆయనకు పిడుగు పడినా వినిపించదు.

యజమానికి తెలియలేదా అంటే, ఆయన మా గుడిసె వైపు మొహం కూడా తిప్పేవాడు కాదు. చుట్టిన తీగ చేతికి రాగానే మాత్రం వెలుతురులో పెట్టి చూసి మురిసేవాడు. నున్నగా, గట్టిగా, మెరుస్తూ ఉండేది మరి. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "విలాయతీ తీగ దీని ముందు దిగదుడుపేనండీ. అంతా మనం నేర్పిన పనే." నాన్న ఆ మాట విని ఉమ్మేసేవాడు, ఇద్దరూ ఒకరినొకరు వెధవలనుకుంటూ నెలల తరబడి చక్కగా కలిసి పనిచేశారు. అందులో ఏ ఒక్కరి అంచనా కూడా తప్పు కాదు.

మంచి ఎండల్లో ఒక పెద్ద మోటారు వచ్చింది. గుణదల దారిలో ఉన్న బియ్యం మిల్లుది. మిల్లు ఆసామి చల్లపల్లి వైపు నుంచి వచ్చిన మోతుబరి. మెడలో పులిగోరు, వేళ్లన్నిటికీ ఉంగరాలు. మోటారును కూడా కాడికి కట్టిన ఎద్దు అనుకునేవాడు. "మేత మేయదు గదా, ఇక దానికి రోగమేంటయ్యా?" అనడిగాడు మా యజమానిని. యజమాని దానికి కుంకుమ బొట్టు పెట్టి, తువ్వాలు కప్పుకుని లెక్కపెట్టి, మా తీగ చుట్టించాడు. లక్కలో ముంచి, ఎండల్లోనే ఆరబెట్టి, కరెంటు అడ్డదారిన పోవడం లేదని దీపం తగిలించి పరీక్ష చేసి, తిప్పి చూపించాడు. గిర్రున తిరిగింది. ఎండకాలమంతా తిరిగింది.

ఆషాఢంలో ముసురు పట్టింది. కాలువ గట్టు మీద కట్టెలు కూడా చెమ్మగిల్లి పొగ తప్ప మంట రాని రోజులు. అలాంటి ఒక పొద్దున మిల్లు బండి మా షెడ్డు ముందు ఆగింది. బండిలో మోటారు. వెనక మరో బండిలో ఆసామి. మోటారు పక్కన తడుస్తూ కూర్చున్నవాడు మిల్లు డ్రైవరు. మోటారును ఆడించి, ఆపి, బెల్టు చూసుకునే మనిషిని డ్రైవరనేవాళ్లు. నలభై ఏళ్లుంటాయి. దించేటప్పుడు మోటారుకు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని చేతులు అడ్డం పెడుతున్నాడు, కాలిపోయినదానికి ఇక తగిలే దెబ్బేముందని కూడా ఆలోచించకుండా.

యజమాని మూత విప్పాడు. లోపల నుంచి వాసన కొట్టింది.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అన్నం మాడిన వాసన. గిన్నె అడుగున గంజి ఎండి నల్లబడితే వచ్చే వాసన. పుట్టి వంటింటి గడప తొక్కిన ఏ ఆడదానికైనా తెలుస్తుంది. కానీ అక్కడున్నది మగవాళ్లు. ఆసామి ఒంటి నిండా ఎప్పుడూ తవుడు వాసనే, ఆయనకు వేరే వాసన తెలియదు. యజమాని ముక్కు ఎగబీల్చి, "వార్నీషు" అన్నాడు, చాలా తెలిసినవాడిలా. నాన్న కాలినచోటు వైపు చూడనే లేదు. కాలకుండా మిగిలిన చుట్టను తడిమి చూసుకుంటున్నాడు.

ఆసామి అరుపులు మొదలుపెట్టాడు. "నా మిల్లు ఆగిపోయిందయ్యా! వడ్లు తడుస్తున్నాయి! ఏం చుట్టావు నువ్వు?" యజమాని వెనక్కి తగ్గలేదు. "నేను చుట్టింది తప్పని మెద్రాసు నుంచి ఇంజనీరును తెచ్చి చెప్పించండి చూద్దాం. మీ మిల్లులో లోడెంత పెట్టారు?" ఇలా కాసేపు ఒకరినొకరు పొడుచుకున్నారు. వర్షం రేకుల మీద కురుస్తోంది, ఎవరి అరుపు వాళ్లకే వినిపిస్తోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేను మనసులో అనుకుంటున్నాను.

తర్వాత ఇద్దరికీ ఒకేసారి అలుపొచ్చింది. ఇద్దరి చూపులూ తడిసి నిలబడ్డ డ్రైవరు మీదకు తిరిగాయి.

"నువ్వు బెల్టు బిగించి ఉంచే, మిల్లు బరువంతా మోటారు మీద పెట్టి స్టార్టు చేశావు గదూ?" అన్నాడు యజమాని.

"లేదండీ. బెల్టు తీసే ఆడిస్తానండీ. ఎప్పుడూ అంతేనండీ" అన్నాడు వాడు.

"వీడు నిద్రపోతాడండీ. నేనే చూశాను" అన్నాడు ఆసామి, ఇంతసేపూ ఆ మాట గుర్తురాని మనిషి.

ఇక చకచకా జరిగిపోయింది. యజమాని ఓవర్లోడన్నాడు, వోల్టేజన్నాడు, వేలు పెట్టి కాలినచోటు చూపించి, ఇది సాక్షాత్తూ డ్రైవరు తప్పిదమేనన్నాడు. ఆసామి అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. "రేపటి నుంచి మిల్లు గుమ్మం తొక్కొద్దు. నీ సామాను తీసుకుని గది ఖాళీ చెయ్యి." మిల్లు వెనక గదిలోనే వాడి సంసారమంతా. వాడు ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడి, "ఈ వానల్లో పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోనండీ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నాకు తెలుసు వాడి తప్పు కాదని. నోరు విప్పితే చాలు. విప్పలేదు. విప్పితే మా గుడిసె ఖాళీ అవుతుంది, మా పొయ్యి ఆరిపోతుంది. వాడి పొయ్యా నా పొయ్యా అంటే నాదే అనుకున్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. కడుపు నిండినవాళ్లు వచ్చి నాకు ధర్మం చెబితే వింటాను, వినడానికి డబ్బులేం ఇవ్వక్కర్లేదు గదా.

వ్యవహారం ముగిసిపోయింది. ఆసామి బండెక్కబోతూ ఒక్కసారి ఆగి, ఊరికే, దేనికీ కాదు, చేతికర్రతో కాలిన చుట్టను కెలికాడు. మాడిన నూలు పొడిపొడిగా రాలింది.

"ఇదేం నూలయ్యా, పీచు! గంజి మొహం కూడా ఎరగని నూలు. మా పాలేరు మొలతాడు ఇంతకంటే గట్టిగా ఉంటుంది" అన్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించేశాడు. ఇంతసేపూ ఒకడి బతుకు బజారున పడుతుంటే చీమ కుట్టినట్టయినా లేని మనిషి, కళ్లు ఎర్రజేసుకుని ఆసామికి ఎదురుగా పోయాడు.

"గంజి లేదా? నా నూలుకు గంజి లేదా?" మంచిగా ఉన్న చుట్టను తీసి ఆయన మొహం మీద పెట్టాడు. "గోరు పెట్టి గీకు! గీకి చూడు! పోగు లేస్తదేమో చూడు! నూలుకు పెట్టా, ఆరబెట్టి మళ్లీ పెట్టా, చుట్టినాక పైన మళ్లీ రాశా. వీడు వద్దన్నా పెట్టా! గంజి ఎరగని నూలంట! ఎవుడితో మాట్లాడుతున్నావు నువ్వు?"

యజమాని ఆ చుట్టను నాన్న చేతిలోంచి లాక్కుని గోరుతో గీకాడు.

"ఏం పెట్టావు?" అన్నాడు యజమాని మెల్లిగా.

"గంజి."

"తీగకా?"

"తీగక్కాకపోతే నీకా?"

యజమాని మొహం చూడాలి అప్పుడు. ముందు తెల్లబోయింది, తర్వాత వికసించింది. తప్పు తనది కాదని తేలడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు గదా. డ్రైవరు తప్పిదమని చూపించిన అదే వేలితో, అదే కాలినచోటు చూపించి, అదే గొంతుతో మొదలుపెట్టాడు. "నేననుకుంటూనే ఉన్నానండీ! గంజి ఉంటే లక్క లోపలికి దిగదండీ. పైపైన నిలబడిపోతుంది. వానాకాలం నెమ్మంతా ఆ గంజి పీల్చేస్తుంది. ఇక కరెంటు ఆగుతుందా? మెద్రాసులో మేమైతే..." ఆసామి కూడా తలూపాడు, తనకూ ముందే తెలిసినట్టు. డ్రైవరు నిద్రపోవడం తాను కళ్లారా చూసిన సంగతి ఆయనకు ఎంత త్వరగా గుర్తొచ్చిందో అంత త్వరగా మరుపొచ్చింది. "సర్లే, గది ఖాళీ చెయ్యొద్దులే, పోయి బండెక్కు" అన్నాడు వాడితో.

డ్రైవరు వచ్చి నాన్న కాళ్ల మీద పడ్డాడు. తడిసిన జుట్టు నాన్న పాదాలకు అంటుకుంది. "నా పిల్లల్ని నిలబెట్టారండీ" అని ఏడుస్తున్నాడు. నాన్నకు వాడెందుకు ఏడుస్తున్నాడో అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. నూలు నాణ్యం తెలిసినవాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడనుకున్నాడు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు నాయనా. నీకైనా తెలిసింది" అన్నాడు.

మా వీధిలో చెప్పుకునే సత్యవంతుడి కథ ఇది.

ఆ సాయంత్రానికే గుడిసె ఖాళీ చేశాం. యజమాని పొమ్మనక ముందే నాన్న, "గంజి విలువ తెలియని చోట నేనుండను" అని తానే వదిలేసినట్టు ప్రకటించాడు. రాట్నం నెత్తిన పెట్టుకుని స్టేషనుకు నడిచాడు. గిన్నెల మూట నేను మోశాను.

పాసింజరు కృష్ణ వంతెన మీదకు వచ్చేసరికి నాకిక ఆగలేదు. బండిలో నలుగురూ వింటున్నారని కూడా చూడకుండా అరిచాను. "నీ గంజి వల్లే మోటారు కాలింది నాన్నా. నీకు అర్థమైందా? నీ గంజి వల్లే మన అన్నం పోయింది. ఊరికి పోయి ఏం తింటాం?"

నాన్న కిటికీలోంచి వరద నీళ్లు చూస్తున్నాడు. నా వైపు తిరిగాడు. తగ్గి మాట్లాడటం నాన్న నోట నేను విన్నది అదే మొదటిసారి, ఆ తర్వాత కూడా వినలేదు.

"కాలిన కాడ నేను చూడలేదమ్మా. భయమేసింది. నువ్వు చూశావు గదా. ఆ పక్కన మిగిలినదాంట్లో ఒక్క పోగన్నా లేచిందా?"

లేచిందని చెప్పి ఏడిపిద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. అన్ని నెలల ఆకలికి అది చాలా చిన్న శిక్ష. కానీ నేను ఆ చుట్టను దగ్గర నుంచి చూశాను. మంట ఆగినచోట నుంచి ఒక్క పోగు చెదరలేదు.

"లేవలేదు" అన్నాను.

"అదీ" అన్నాడు. రాట్నం ఒళ్లో పెట్టుకుని, దాని మీద తల వాల్చి, మంగళగిరి వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు. నేను మూటలో బియ్యం తడిమి చూసుకున్నాను. రెండు పిడికిళ్లు ఉన్నాయి.